చిన్న గొంతుకి చోటు: సరిహద్దు ఊళ్ళో ప్రయోగ సంగీతం సాయంత్రం పెట్టుకోవడం ఎలా

ఒడిశాలో మన సరిహద్దు వైపు ఊళ్ళనుంచి, రాయగడ నుంచి, గుణుపురం నుంచి, బరంపురం నుంచి అడిగేవాళ్ళంతా అడిగేది ఒకటే. "మా దగ్గర హార్మోనియం మాస్టారు ఉన్నారు, డప్పు కొట్టే కుర్రాళ్ళున్నారు, ఒకడి దగ్గర ల్యాప్‌టాప్ ఉంది. ముందే అనుకున్న పాటలేవీ లేకుండా అప్పటికప్పుడు గొంతులతో, వాయిద్యాలతో, ఎలక్ట్రానిక్స్‌తో ఒక సాయంత్రం నడపాలంటే ఎలా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను. పర్లాకిమిడిని మనసులో పెట్టుకుని రాస్తున్నా, జయపురమైనా మల్కనగిరైనా పెద్ద తేడా రాదు.

సిద్ధాంతం జోలికి పోను. ప్రయోగ సంగీతమంటే ఇక్కడ రాగం, తాళం, సాహిత్యం ముందే ఖాయం చేసుకోకుండా, కూర్చున్నవాళ్ళు ఒకరినొకరు వింటూ శబ్దం కట్టుకుంటూ పోవడం, అంతే. ఆలాపన, తని ఆవర్తనం తెలిసినవాళ్ళకి మనోధర్మం, అంటే అప్పటికప్పుడు కల్పించుకోవడం, కొత్త కాదు. ఇక్కడ రాగం అనే గీత కూడా ఉండదు, అదొక్కటే తేడా. "ఇదంతా ఫారిన్ వేషం" అనే పెద్దాయన ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే మూగ్ సింథసైజర్‌తో (కరెంటుతో శబ్దాలు పుట్టించే యంత్రం) ఎలక్ట్రానిక్ సంగీతం స్టూడియో పెట్టారనీ, మనవాళ్ళే అందులో కూర్చుని టేపులు తయారుచేశారనీ ఆయనకి చెప్పండి. అయినా వినకపోతే టీ ఇచ్చి ముందు వరసలో కూర్చోబెట్టండి.

ఒక్క సంగతి మీద మాత్రం పట్టుబడతాను. మీ బృందంలో అందరికన్నా చిన్న శబ్దం ఎవరిదో, సాయంత్రం మొత్తానికి కొలత వాళ్ళది. గొణిగినట్టు పాడే అమ్మాయి కావచ్చు, తంబుర కావచ్చు, పళ్ళెంలో దొర్లే గింజలు కావచ్చు. మిగతా అందరూ దానికి తగ్గాలి. దాన్ని మైకులో పెంచి మిగతావాళ్ళ దాకా లాక్కొచ్చారంటే పని చెడినట్టే. కింద చెప్పేవన్నీ ఈ ఒక్కదాని కోసమే.

కావలసినవి

మనుషులు 5 నుంచి 9 మంది. అంతకన్నా ఎక్కువైతే వినడం మానేసి వాయించడమే మిగులుతుంది. ఇద్దరైనా గొంతు వాళ్ళుండాలి. సంగీతం నేర్చుకుని ఉండక్కర్లేదు. భజన గోష్ఠిలో రెండో వరసలో కూర్చుని పాడేవాళ్ళు దీనికి బాగా పనికొస్తారు, పక్కవాడి గొంతు విని కలపడం వాళ్ళకి అలవాటు.

వాయిద్యాలు మీ చుట్టుపక్కల ఉన్నవే. హార్మోనియం, వేణువు, ఘటం, డప్పు, తంబుర లేదా శ్రుతిపెట్టె. పాతపట్నం దాటి శ్రీకాకుళం వైపు జముకుల కథ చెప్పేవాళ్ళు ఎవరైనా తెలిస్తే మీ అదృష్టం. తోలు మధ్యలోంచి వచ్చే తీగని లాగి పట్టుకుని, బిగువు మారుస్తూ మీటే ఆ జముకు శబ్దం వింటే, కళ్ళు మూసుకున్నవాడు సింథసైజర్ అనే అనుకుంటాడు. కొరాపుట్ వైపు వాళ్ళకి ధెంసా ఆటకి వాయించే మహురి (సన్నాయి లాంటిది), ఢోలు, టమక దొరుకుతాయి. మహురితో జాగ్రత్త. ఆరుబయట వంద మంది ఆటకి వాయించేది అది. చిన్న గదిలో ఊదితే ఇంకెవరూ వినపడరు. దానికి వరండాలో చోటివ్వండి. దూరంనుంచి వచ్చే మహురి గదిలోని మహురికన్నా బాగుంటుందని నా అభిప్రాయం.

ఎలక్ట్రానిక్స్‌కి నాలుగు నుంచి ఆరు ఛానళ్ళ చిన్న మిక్సర్, రెండు మామూలు స్పీకర్లు, రెండు మైకులు, ఒక ల్యాప్‌టాప్ లేక పాత ఫోను, మీడియం వేవ్ పట్టే పాత రేడియో. పియజో బిళ్ళలు నాలుగైదు. ఇవి ఎలక్ట్రానిక్స్ విడిభాగాల కొట్లో చవగ్గా దొరుకుతాయి. బజర్లలో ఉండే ఇత్తడి రంగు బిళ్ళలే. 27 మిల్లీమీటర్లవి తీసుకోండి. పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే పెద్ద సౌండ్ బాక్సులు వద్దు. "ఫ్రీగా ఇస్తాం" అన్నా వద్దు.

ఇవి కాక అందరికీ సరిపడా చాపలు, మూడు పిన్నుల ప్లగ్ బోర్డు మంచిది ఒకటి, ఇన్సులేషన్ టేపు, గోడ గడియారం, రికార్డర్.

చేసే పద్ధతి

1. తేదీ, చోటు

ముందు పంచాంగం చూడండి. సంగీతానికి మంచి రోజు చూడమని కాదు, పెళ్ళి ముహూర్తాలున్న రోజు మానుకోమని. పక్క వీధిలో డీజే పెడితే మీ సాయంత్రం అక్కడికి సరి. మార్గశిరంలో లక్ష్మివారాలు కూడా వద్దు. ఒడియా ఇళ్ళల్లోనూ మన ఇళ్ళల్లోనూ ఆ రోజు ఆడవాళ్ళకి పూజ పని, సగం మంది రారు. వానాకాలంలో రేకుల కప్పు కింద పెట్టుకోవద్దు. పెట్టుకుంటే వానని కూడా ఒక వాయిద్యం అనుకుని సిద్ధపడాలి, పైగా తోలు వాయిద్యాలన్నీ మెత్తబడిపోతాయి. కార్తీకం వెళ్ళాక మాఘం దాకా అనువైన కాలం.

గది ముప్ఫై నలభై మంది పట్టేది చాలు. బడి హాలు, గ్రంథాలయం, పాత ఇంటి మండువా ఏదైనా సరే. కళ్యాణ మండపాలు వద్దు; నున్నటి గచ్చు, ఖాళీ గోడలు కలిసి ప్రతి శబ్దాన్నీ రెండు మూడు సెకన్లు తిప్పి కొడతాయి. గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. శబ్దం వెంటనే ఆగితే మంచిది. "టర్ర్"మని తోక లాగితే చాపలు, దుప్పట్లు, తెరలు వేయాలి. జనం వచ్చి కూర్చున్నాక కొంత తగ్గుతుంది.

అనుమతి సంగతి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్ వాడాలంటే రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయటికి వినపడేలా వాడకూడదు. ఆస్పత్రి, బడి, కోర్టులకి వంద మీటర్ల లోపు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించి ఉండొచ్చు. ఇళ్ళ మధ్య పగటి పరిమితి 55 డెసిబెల్స్. మీ ఊళ్ళో అనుమతి ఇచ్చేది ఎవరో పోలీస్ స్టేషన్లో అడిగితే చెబుతారు. అర్జీ ఒడియాలో రాయించుకుని వెళ్తే పని తొందరగా అవుతుంది. ఆరున్నరకి మొదలెట్టి ఎనిమిదిన్నర లోపు ముగించండి. చివరి బస్సుకి, రైలుకి వెళ్ళాల్సినవాళ్ళకీ అదే మంచిది.

2. పియజో మైకు తయారీ

అందరూ ఎక్కువగా అడిగేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. గాల్లో శబ్దాన్ని కాకుండా వస్తువు వణుకుని పట్టుకునే మైకు ఇది. బిందెకి అంటిస్తే బిందె లోపలి శబ్దం వినిపిస్తుంది.

రెండు మూడు మీటర్ల షీల్డ్ కేబుల్ తీసుకోండి, మామూలు బల్బు వైరు కాదు. లోపలి తీగని బిళ్ళ మధ్యలోని తెల్లటి భాగానికి, చుట్టూ ఉండే జడ తీగని ఇత్తడి అంచుకి టంకం పెట్టండి. తెల్లటి చోట టంకం కడ్డీ రెండు సెకన్లకి మించి ఆనించొద్దు, పైపొర లేచిపోతుంది. రెండో చివర గిటార్ ప్లగ్. దాని కొనకి లోపలి తీగ, ఒంటికి జడ తీగ. బిళ్ళకి రెండు వైపులా ఇన్సులేషన్ టేపు వేయండి. టంకం ఊడిపోకుండా కేబుల్‌ని కూడా ఆ టేపుతోనే బిళ్ళకి పట్టించండి.

పరీక్ష: మిక్సర్‌కి పెట్టి, వాల్యూమ్ తక్కువలో ఉంచి, బిళ్ళ మీద గోటితో తట్టండి. "టక్" అని గుండ్రంగా వస్తే సరే. పల్చగా, అడుగు లేకుండా, రేకు మీద కొట్టినట్టు వస్తే తప్పు మైకుది కాదు, మీరు ప్లగ్ పెట్టిన కన్నానిది. ఈ బిళ్ళకి ఒక మెగాఓమ్ దాకా నిరోధం ఉండే ఇన్‌పుట్ కావాలి, అంటే గిటార్‌కి కేటాయించిన కన్నం. మామూలు లైన్ ఇన్‌పుట్‌లో పెడితే కింది స్వరాలన్నీ పోతాయి. మీ మిక్సర్లో గిటార్ కన్నం లేకపోతే చిన్న గిటార్ ప్రీయాంప్ (బలహీనమైన సిగ్నల్‌ని పెంచే పెట్టె) మధ్యలో పెట్టుకోండి. తట్టకుండానే "బూం" అని గుయ్‌మంటుంటే జడ తీగ టంకం సరిగా పడలేదని అర్థం.

ఎక్కడ అంటించాలి? ఇత్తడి పళ్ళెం అడుగున అంటించి, పళ్ళెంలో గుప్పెడు చోళ్ళు (రాగులు) పోసి మెల్లగా తిప్పండి. గాలికి తాటాకులు కదిలిన లాంటి శబ్దం వస్తుంది. వేగం పెంచితే జల్లు, పళ్ళెం వంచితే ఒక్కటొక్కటిగా గింజలు. చోళ్ళ బదులు బియ్యం పోస్తే ఇంకా పదునుగా ఉంటుంది, ఉలవలు పోస్తే బరువుగా. సైకిల్ చక్రం ఊచలు, కిటికీ గ్రిల్లు, జల్లెడ, అన్నీ పనికొస్తాయి. గచ్చు గోడలు మాత్రం దండగ.

3. ల్యాప్‌టాప్, ఫోను, రేడియో

కొత్తగా ఏమీ కొనకండి. శబ్దాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు ప్యూర్ డేటా, సూపర్‌కొలైడర్ రెండూ ఉచితమే. అవి నేర్చుకునే ఓపిక లేకపోతే, మీ ఊరి శబ్దాలు పది పన్నెండు రికార్డు చేసి ఆడాసిటీ అనే శబ్దాలు కత్తిరించే సాఫ్ట్‌వేర్లో కత్తిరించి పెట్టుకోండి: మహేంద్రతనయ గట్టున చాకిరేవు, గుణుపురం లైను రైలు కూత, సంతలో బేరాలు. వాటిని నాలుగో వంతు వేగంతో వేస్తే ఎవరూ గుర్తుపట్టరు. అన్నిటినీ ఒకేసారి వేయొద్దు. ఒక్క సాయంత్రానికి మూడు చాలు.

ల్యాప్‌టాప్ సెట్టింగుల్లో బఫర్ (శబ్దాన్ని కాస్త పోగుచేసుకుని వదిలే మోతాదు) 256 శాంపిళ్ళు పెట్టండి. 48 కిలోహెర్ట్జ్‌లో అది 5 మిల్లీసెకన్ల చిల్లర. చిటపటలు వస్తుంటే 512కి వెళ్ళండి. బ్లూటూత్ స్పీకర్లు అసలు వాడొద్దు. బటన్ నొక్కిన చాలాసేపటికి శబ్దం వస్తుంది, పక్కవాళ్ళతో కలిసి వాయించడం కుదరదు. ఫోన్లన్నీ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి, వినడానికి వచ్చినవాళ్ళవి కూడా. కేబుల్ పక్కన ఫోను ఉంటే "డిడ్డిడిట్" అని స్పీకర్లో పడుతుంది.

రేడియోని స్టేషన్లు లేనిచోట పెట్టి, ఎల్‌ఈడీ బల్బు దగ్గరికీ ఛార్జర్ దగ్గరికీ జరుపుతూ ఉంటే గరగర మారుతుంది. పదేళ్ళ పిల్లాడు కూడా వాయించగల వాయిద్యం ఇది. మధ్యలో ఏదైనా స్టేషన్ మాట వినపడితే కంగారుపడి తిప్పేయకండి, ఒక మాట రానిచ్చి అప్పుడు తిప్పండి.

ఒక హెచ్చరిక. మిక్సర్ అవుట్‌పుట్‌ని దాని ఇన్‌పుట్‌లోకే తిప్పి పెట్టి కీచు శబ్దాలు పుట్టించే పద్ధతి ఉంది, కుర్రాళ్ళకి బాగా సరదా. చేసుకోండి, కానీ ఫేడర్లన్నీ (మిక్సర్ మీద శబ్దం పెంచి తగ్గించే జారుడు మీటలు) పూర్తిగా దించాకే కేబుల్ పెట్టాలి, వెంట్రుకవాసి చొప్పున పెంచాలి, హెడ్‌ఫోన్లు చెవికి ఉండకూడదు. ఒక్కసారిగా లేచే కీచు స్పీకర్ కోన్‌నీ చెవినీ రెంటినీ పాడు చేస్తుంది. చంటిపిల్లలున్న సాయంత్రం ఇది వద్దే వద్దు.

4. కరెంటు, కేబుళ్ళు

మిక్సర్, ల్యాప్‌టాప్, స్పీకర్లు అన్నీ ఒకే ప్లగ్ బోర్డు నుంచి. వేర్వేరు గోడల సాకెట్లలో పెడితే 50 హెర్ట్జ్ "గుమ్మ్" తప్పదు. అయినా గుమ్మంటుంటే ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి, సగం సార్లు అక్కడితో పోతుంది. అప్పటికీ పోకపోతే ల్యాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ మధ్యలో డీఐ బాక్సు (సిగ్నల్‌ని మిక్సర్‌కి అనువుగా మార్చే చిన్న పెట్టె) పెట్టి, దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే మీట నొక్కండి. ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచేసే ఎలక్ట్రీషియన్లు ఉంటారు. విరవనివ్వకండి. మైకు పట్టుకున్నవాడికి షాకు కొడుతుంది.

మైకు కేబుళ్ళు కరెంటు వైర్ల పక్కన పడుకోకూడదు; దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి. ఆన్ చేసేటప్పుడు స్పీకర్లు ఆఖరున, ఆపేటప్పుడు స్పీకర్లు ముందు.

కరెంటు పోతుంది. పోతుందనే అనుకుని ఏర్పాటు చేసుకోండి. జనరేటర్ పెట్టొద్దు, దాని మోత మీ సంగీతాన్ని మింగేస్తుంది. ఇన్వర్టర్ ఉంటే మిక్సర్‌కీ రికార్డర్‌కీ ఇవ్వండి. లేకపోతే ముందే బృందానికి చెప్పి ఉంచండి: దీపాలు పోతే ఎవరూ ఆగకూడదు, గొంతులూ చేతి వాయిద్యాలూ కొనసాగించాలి. కరెంటు వచ్చినా ఆ ముక్క (ఒకసారి మొదలెట్టి ముగించే వాయింపు) అయ్యేదాకా ఎలక్ట్రానిక్స్ వాళ్ళు ఊరుకోవాలి.

5. కూర్చోబెట్టడం, గొంతు పరీక్ష

స్టేజి వద్దు. బృందం మధ్యలో గుండ్రంగా, వినేవాళ్ళు చుట్టూ. స్పీకర్లు బృందం పక్కనే నేల మీద పెట్టి, వాయించేవాడి వైపు తిప్పకుండా బయటికి తిప్పండి. ల్యాప్‌టాప్ శబ్దం ల్యాప్‌టాప్ ఉన్న దిక్కునుంచే వస్తే, అది కూడా ఒక మనిషి వాయిస్తున్నట్టే ఉంటుంది.

ఇప్పుడు అసలు పని. అందరికన్నా మెత్తగా పాడేవాళ్ళని మధ్యలో కూర్చోబెట్టి, మైకు లేకుండా నోరు మూసుకుని ఒక్క స్వరం మ్మ్మ్ అని పట్టమనండి. ఒకరిని ఆఖరి చాప మీద, గోడ పక్కన, కళ్ళు మూసుకుని చెయ్యెత్తి కూర్చోమనండి. ఆ గొంతు వినపడుతున్నంతసేపూ చెయ్యి పైనే ఉండాలి. ఇప్పుడు ఒక్కొక్క వాయిద్యం చేరాలి: ముందు తంబుర, తర్వాత వేణువు, తర్వాత పళ్ళెం, హార్మోనియం, ఘటం, ల్యాప్‌టాప్, చివరికి డప్పు. ఏది చేరగానే చెయ్యి కిందికి దిగిందో అది తగ్గాలి. హార్మోనియం అయితే ఒక్క రీడ్ వరసతో వాయించమనండి. డప్పు అయితే పుల్లలు పక్కన పెట్టి వేళ్ళతో, లేదా అరచేత్తో తోలు మీద రుద్దుతూ. అప్పటికీ దిగిపోతుంటే వరండాలోకి పంపండి. ల్యాప్‌టాప్ ఫేడర్ ఎక్కడ ఆగిందో అక్కడ టేపు ముక్క అంటించండి. సాయంత్రమంతా ఆ గీత దాటకూడదు.

ఈ పరీక్షకి అరగంట పడుతుంది. డప్పు కుర్రాళ్ళు మొహం ముడుచుకుంటారు. వాళ్ళకి ఒక ముక్క విడిగా, ఆరుబయట, పుల్లలతో, వాళ్ళ ఇష్టం వచ్చినట్టు ఇవ్వండి. మంచు పడే రోజుల్లో డప్పు కాచుకోవడానికి బయట ఎండుగడ్డి, అగ్గిపెట్టె సిద్ధంగా ఉంచండి. గదిలోకి కాగడాలు తేనివ్వొద్దు.

6. రిహార్సల్స్

వాయించబోయేది రిహార్సల్ చేయడం కాదు, వినడం రిహార్సల్ చేయడం. నాలుగైదు సార్లు కలిస్తే చాలు, గంటన్నర చొప్పున.

మొదటి పది నిమిషాలు ఎవరూ ఏమీ వాయించకుండా కూర్చోవాలి. తర్వాత ఒక్కొక్కరు విన్న శబ్దం ఒకటి చెప్పాలి. ముందువాళ్ళు చెప్పింది మళ్ళీ చెప్పకూడదు. ఆరో మనిషికి వచ్చేసరికి చెవులు తెరుచుకుంటాయి.

తర్వాత ఊపిరి వరస. ప్రతివాళ్ళూ ఒక ఊపిరి పొడవునా ఒకే శబ్దం చెయ్యాలి, ఇంకో ఊపిరి పొడవునా ఊరుకోవాలి. హార్మోనియమైనా, ల్యాప్‌టాపైనా తన ఊపిరిని బట్టే. ఇందులో తాళం పుట్టదు, అందుకే ఇది ముఖ్యం.

తర్వాత ఇద్దరిద్దరుగా. ఒకరు ఆపేదాకా రెండోవారు మొదలెట్టకూడదు. తర్వాత రోజు ఆ నియమం తీసేయండి.

గొంతు వాళ్ళకి మాటలు కావాలంటే తెలుగు, ఒడియా, సవర కలిపి వాడొచ్చు. మన ఊళ్ళలో అది వింతేం కాదు. అంకెలు, ఊళ్ళ పేర్లు, చెట్ల పేర్లు తీసుకుని అక్షరాలు విడగొట్టి సాగదీయండి. మూడు భాషల్లో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టడం ఒక్కటే ఎనిమిది నిమిషాల ముక్క అవుతుంది. దేవుడి పాటలు, చావు పాటలు వాడొద్దు. ముఖ్యంగా సవర వాళ్ళని వాళ్ళ పూజ పాటలు పాడమని అడగొద్దు. వాళ్ళంతట వాళ్ళే ఏది పాడతామంటే అది.

సైగలు మూడు చాలు: అరచెయ్యి కిందికి దించితే తగ్గించు, పిడికిలి బిగిస్తే ఆపు, వేలు చూపిస్తే నువ్వొక్కడివే. సైగలు ఇచ్చేవారు ఒక్కరే, ఆ ముక్కలో వాళ్ళు వాయించకూడదు.

7. సాయంత్రం క్రమం

మొత్తం గంటా పదిహేను నిమిషాలు. ముందు గొంతులు మాత్రమే, మైకుల్లేకుండా, 6 నిమిషాలు. తర్వాత ఇద్దరేసి చొప్పున మూడు ముక్కలు, ఒక్కోటి 5 నిమిషాలు. ఎవరితో ఎవరో చెంబులో చీటీలు వేసి జనం చేత తీయించండి. ముందే తెలిస్తే ఇద్దరూ కలిసి రహస్యంగా పాట కట్టుకొస్తారు. తర్వాత ఎలక్ట్రానిక్స్‌తో ముగ్గురు, 10 నిమిషాలు. టీ, పకోడీలు. ఆరుబయట డప్పులు. లోపలికి వచ్చాక అందరూ కలిసి 12 నిమిషాలు, అంతకు మించొద్దు.

మొదట్లో జనానికి తెలుగులో రెండు వాక్యాలు, ఒడియాలో రెండు వాక్యాలు చెప్పండి: ముందే కట్టిన పాటలు లేవు, ముక్క అయిపోయాక కాసేపు నిశ్శబ్దం ఉంటుంది, ఆ తర్వాతే చప్పట్లు. అంతకన్నా వివరిస్తే వినడం మానేసి అర్థం వెతుక్కుంటారు. అధ్యక్షులు, ముఖ్య అతిథి, శాలువాలు ఏవీ వద్దు. తప్పకపోతే టీ అప్పుడు.

8. రికార్డు

రికార్డర్ని జనం కూర్చున్న వరసలోనే, మనిషి చెవి ఎత్తులో పెట్టండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియోలో గంటకి ఒక జీబీ చిల్లర పడుతుంది, కార్డు ఖాళీ చూసుకోండి. అన్నిటికన్నా పెద్ద శబ్దం రికార్డర్ మీటర్లో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టి, ఇక ముట్టుకోవద్దు. శబ్దాన్ని దానంతటదే పెంచి తగ్గించే ఆటోమేటిక్ లెవెల్ ఉంటే ఆపేయండి. అది చిన్న శబ్దాల్ని పెంచి, పెద్దవాటిని తగ్గించి, మీరు అరగంట కూర్చుని సరిచేసుకున్న తేడాలన్నీ చెరిపేస్తుంది. ఫోను తప్ప ఇంకేం లేకపోతే ఫోనే, కానీ ఆటో ఆపగలిగే రికార్డింగ్ యాప్‌తో.

తరచూ జరిగే తప్పులు

అన్నిటికన్నా మామూలుది: అందరూ మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా వాయించడం. దీనికి మందు, ముక్కలో సగం సేపు ఊరుకోవాలని ముందే నియమం పెట్టడం. గోడ గడియారం కావాలన్నది అందుకే, అందరికీ కనపడేలా పెట్టండి.

రెండోది, తాళం పట్టేయడం. ఎవరో ఒకరు దరువు మొదలెడతారు, అందరూ దాని వెనక పడతారు, రెండు నిమిషాల్లో అది పాత సినిమా పాటై కూర్చుంటుంది. తాళం తప్పు కాదు, కానీ వెనక్కి రావడం కష్టం. దరువు గట్టిపడుతోందని అనిపించగానే ఇద్దరు ఆగిపోండి. అది దానంతటదే విడిపోతుంది.

హార్మోనియం మాస్టార్లకి వేరే ఇబ్బంది. చెయ్యి దానంతటదే మోహనానికో కళ్యాణికో పోతుంది. వద్దని చెబితే నొచ్చుకుంటారు. మూడు మెట్లు మాత్రమే వాడమనండి, ఆ మూడూ పక్కపక్కనే ఉండేవి.

లూప్ పెడల్ (శబ్దాన్ని పట్టి మళ్ళీ మళ్ళీ తిప్పి వేసే పరికరం) ఉన్నవాడు తన గొంతు మీద గొంతు, దాని మీద ఇంకో గొంతు పేర్చేసి ఒక్కడే కచేరీ చేస్తాడు. ఏ లూప్ అయినా రెండు నిమిషాలకి ఆగాలి.

ఎలా ముగించాలో తెలియక సాగదీయడం ఇంకోటి. శబ్దం ఒకసారి సన్నబడుతుంది, అక్కడ ముగియాల్సింది, ఎవరో "ఇంకా ఉందేమో" అని మళ్ళీ ఎత్తుకుంటారు. సన్నబడ్డాక మనసులో పది లెక్కపెట్టేదాకా ఎవరూ ముట్టుకోకూడదని నియమం పెట్టండి. పది అయిందంటే ముక్క అయినట్టే.

ఎకో, రివర్బ్ ఎక్కువ వేయడం గురించి చెప్పక్కర్లేదు. గుడి మైకుల అలవాటది. పూర్తిగా ఆపేసి మొదలెట్టండి.

సరిగా వచ్చిందా, ఎలా చూసుకోవాలి

అదే రాత్రి వినొద్దు, అందరికీ అన్నీ బాగున్నట్టే ఉంటాయి. రెండు మూడు రోజులాగి బృందమంతా కూర్చుని స్పీకర్లో తక్కువ వాల్యూమ్‌లో వినండి.

ఏదో ఒక నిమిషం దగ్గర ఆపి, అప్పుడు ఎవరెవరు వాయిస్తున్నారో అడగండి. అందర్నీ చెప్పగలిగితే సమతూకం కుదిరింది. ఎవరి పేరైనా ఎవరికీ తట్టకపోతే, వాళ్ళు మునిగిపోయారు, లేదా వాళ్ళ అవసరం అక్కడ లేదు. రెండిట్లో ఏదో వాళ్ళనే అడగండి. ఆడాసిటీలో పెట్టి అల పటం చూడండి: మొదటినుంచి చివరి దాకా ఇటుక గోడలా ఉంటే ఎవరూ ఆగలేదన్నమాట. సన్నటి చోట్లు, ఖాళీలు, రెండు మూడు ఎత్తులు కనపడాలి. ఆఖరి చాప మీద కూర్చున్నవాళ్ళని మీ మెత్తని గొంతు వినపడిందా అని అడగండి. "వినపడింది" అనే జవాబు చాలదు, ఆమె ఏం చేసిందో చెప్పమనండి.

జనంలో సగం మంది టీ తర్వాత తిరిగి రాకపోతే దిగులుపడక్కర్లేదు. వచ్చినవాళ్ళు ఎంతసేపు కదలకుండా కూర్చున్నారో చూసుకోండి.

డబ్బులు, కాపీలు

జముకు కళాకారులకీ, ఊళ్ళనుంచి వచ్చిన వాద్యగాళ్ళకీ పెళ్ళికో జాతరకో ఇచ్చే రేటు తగ్గకుండా, దారి ఖర్చులు వేరుగా, వాయించకముందే చేతికివ్వండి. "కళ కోసం కదా" అనే మాట ల్యాప్‌టాప్ వాళ్ళకి చెప్పుకోండి. రికార్డు చేస్తామని ముందే అడగండి, నెట్లో పెట్టేముందు మళ్ళీ అడగండి; వాళ్ళ గొంతు ముక్క కత్తిరించి ఇంకో ముక్కలో వాడాలంటే మూడోసారి అడగాలి. వద్దంటే వద్దే. కాపీ ఇచ్చేటప్పుడు లింకు పంపి ఊరుకోవద్దు, కొండ ఊళ్ళలో సిగ్నల్ ఉండదు. మెమరీ కార్డులో ఎంపీ3 చేసి, ఒక్కో ముక్కకీ వాయించినవాళ్ళ పేర్లు పెట్టి చేతికివ్వండి. పాత కీప్యాడ్ ఫోన్లలో పేర్లు తెలుగులో కనపడకపోవచ్చు, ముందు అంకెలు వేసి ఆ వరస కాగితం మీద రాసి జతచేయండి.